ఒక భుజం దిగిన ఆకు

రేణిగుంట రోడ్డులో నా పంచర్ అంగడి.
ట్యూబు ముంచి బుడగలు చూసే తొట్టి పక్కన
సిమెంటు పగుల్లో మొలిచింది.
నేను నాటలా. ఏ పిట్ట రెట్టో.
కలుపనుకోని రెండుసార్లు పీకబోయి
బేరం రాంగానే మరిచిపోయినా.

మూడు నెల్లకు నడుమెత్తు.
ఏడాది తిరక్కముందే
జాకీ పెట్టి లేపినట్టు
అంగడి పైరేకు దాటింది.

ఏం చెట్టబ్బా ఇది?
వేలూరు లారీ డ్రైవరు తేన్ పళం అన్నాడు.
కోలారు టమాటాల బండాయన గసగసె అన్నాడు.
ఇడ్లీల మొగిలమ్మ మాత్రం
"పేరెందుకబ్బా, నీడుంది కదా" అని
పొయ్యి ఇట్లా జరుపుకొనింది.

వ్యవసాయ కాలేజీ పిల్లోడు,
వెనక టైరు దిగి నా దగ్గరికొచ్చినోడు,
గొంతుక్కూర్చోని ఆకొకటి తెంపినాడు.
"తాకు మామా, జిగట. నూగు చూడు.
ఇక్కడ, కాడ మొదట్లో చూడు,
ఒక పక్క పైకి, ఒక పక్క కిందికి.
సింగపూర్ చెర్రీ. ఇదే గుర్తు."

ఇరవై రొండేండ్లు గాలి కొట్టి
కుడి భుజం దిగిపోయినోణ్ణి నేను.
ఆ ఆకును చొక్కా జోబీలో పెట్టుకున్నా.

తెల్లపువ్వు. పొద్దున విచ్చి
మధ్యాన్నానికి రెక్కలు రాల్చేస్తాది.
గోలీ కంటే చిన్న పండు, ఎర్రగా,
ఆకుల చాటున కిందికి వేలాడతాది,
చిదిమితే చక్కెర పాకం.
పగలు బడి పిల్లోళ్ళు, రాత్రి గబ్బిలాలు.
తెల్లారి చిమ్మేది మాత్రం నేనే.

కార్తీకంలో తుపాను.
ఒక్క రాత్రికే నడిమికి విరిగింది.
కట్టె చూస్తే మెత్తన, బెండు మాదిరి.
అంత బిరబిరా ఎదిగేటప్పుడు
గట్టిపడే తీరిక దానికెక్కడిది?
మొగిలమ్మ పొయ్యి మళ్ళీ ఎండలో పడింది.
మూడు రోజులు నాతో మాట్లాడలా,
నేనే విరిచినట్టు.

నాలుగో రోజు ఆమె మనవరాలు ఝాన్సీ
పడిన కొమ్మల్లో పండ్లు ఏరుకోనొచ్చి
"ఎట్లా మొలిపించేది తాతా?" అనింది.
నాకేం తెలుసు? ఆ కాలేజీ పిల్లోడు చెప్పిందే చెప్పినా.
నీళ్ళల్లో పిసుకు.
ఇత్తనం దుమ్మంత ఉంటాది, మన్ను కప్పొద్దు,
అది వెలుగు చూడాల.
పైపైన చల్లి, చెయ్యి తడిపి చిలకరించు.

ఆ పాప చెంబు కోసం చూడలా,
నా తొట్టిలోనే పిసికేసింది.

ఇప్పుడు ట్యూబు ముంచితే
లేస్తా ఉండేది బుడగో
తేలతా ఉండేది ఇత్తనమో తెలీక
కళ్ళజోడు తుడుచుకుంటా ఉండా.
"ఏంది మామా, ఇంకా దొరకలేదా పంచరు?"
బైకాయన గడియారం చూస్తా ఉండాడు.

ఆగబ్బా.
ఈ నీళ్ళు పారబొయ్యాలంటే
ఏడ పారబొయ్యాలో చూసుకోవాల.