మూరెడు పైకి

మోరీ నీళ్ళు గోడమీద ఒక గీత గీసి పోయినాయి.
గీత కాడ ఆపితే చాలదు మాబున్నీ,
గోడకు దప్పికుంటాది,
అది తాగింది కండ్లకు కనపడదు.
గీత మీద మూర పెట్టి కొలిచి
బొగ్గుతో ఇంకో గీత గీసినా.
ఈడిదాకా నాది. దీని పైన నీది.

హంద్రి పక్క సందులో ఏడో ఇల్లు.
కరెంటు మెయిను తీసేసినాకనే లోపలికి పోయినాం,
నేనూ, సుంకులమ్మ.
మోకాళ్ళదాకా బూట్లు, చేతులకు రబ్బరు తొడుగులు,
మూతికి మాస్కు.
"పెండ్లికి గూడ ఇంత ముస్తాబు కాలేదు నేను"
అన్నది సుంకులమ్మ.

మొదట పరుపులు.
మూడు తరాలు దూది ఏకిన ఇంట్లో
పరుపు బయటికి ఈడ్చాల్సొస్తే ఎవరు ఈడ్చాల?
మాబున్నే వచ్చింది.
ఎండేస్తే సరిపోదా అని అడగలేదు.
దూది గురించి ఆమెకు చెప్పేంత వాణ్ణి కాదు నేను.
ఒక మూల కత్తిరించి, నల్లగా ముద్దయిన దాన్ని చూసి
"చచ్చిపోయింది" అన్నది, అంతే.
సంచిలో ఏసి, ఆ సంచిని ఇంకో సంచిలో ఏసి
మూతి బిగించి కట్టినాం.

ప్లైవుడ్డు బీరువా తలుపులు పూరీల లెక్క ఉబ్బినాయి.
పోనీ.
టేకు గడప కడిగితే బతుకుతాది.
బేతంచెర్ల బండలు లేపి రుద్దితే బతుకుతాయి.
స్టీలు బిందెలకేం, అవి మనకంటే గట్టివి.
బతికేటివి ఎండలోకి, చచ్చినవి సంచిలోకి.
సందు సందంతా ఆసుపత్రి వరండా అయింది.

ఆనక గోడ.
ముందు తడపాల. పొడిగా కొడితే దుమ్ము లేస్తాది,
ఆ దుమ్ములో ఊరి కడుపులోవన్నీ ఉంటాయి.
సుంకులమ్మ నీళ్ళు చల్లింది, నేను ఉలి పెట్టినా.
రెండు దెబ్బలకే
పూతంతా అప్పచ్చి మాదిరి ఊడొచ్చింది.

ఇంత సులువుగా రాకూడదు.

తొడుగు చేతిలోనే నలిపినా. ఇసుక.
తొమ్మిదేండ్ల కిందట ఈ గోడ పూసింది నేనే.
ఒకటికి ఐదు అని చెప్పి
ఒకటికి తొమ్మిది కలిపినా.
మిగిలిన రెండు సిమెంటు బస్తాలు
యాడికి పోయినాయో నాకు తెలుసు, నా బాకీకి తెలుసు.
మంచి పూత అయ్యుంటే
గుక్కెడు తాగి ఊరుకునేదేమో ఈ గోడ.

ఏమీ అనలేదు.
బాండ్లి నింపినా. ఇంకో బాండ్లి నింపినా.

"హంద్రి గట్టు మీద పారబోయండప్పా,
మళ్ళీ ట్రాక్టరెందుకు?"
పక్కింటి తిక్కస్వామి మిద్దె మీద నుంచి సలహా.
పోయినసారి గట్టు మీద పోసిందే గదా
ఈసారి నీ పడకింట్లోకి వచ్చింది?
హంద్రి ఎవరి సొమ్మూ ఉంచుకోదు స్వామీ.
మున్సిపాలిటీ ట్రాక్టరుకే ఎత్తినాం,
టార్పాలిను కప్పి, తాళ్ళు కట్టి.

సబ్బునీళ్ళతో రుద్ది, కడిగి, ఆ తర్వాతే బ్లీచింగు.
రోంత యాసిడు కలిపితే తెల్లగా వస్తాది గదా
అన్న పిల్లోని చేతిలోంచి సీసా గుంజుకున్నా.
ఆ రెండిటికీ పొత్తు కుదిర్తే
మన ఊపిరే బాడుగ.

చివరికి రాయి బయటపడింది.
మాబున్ని మామ కట్టించిన రాతిగోడ,
స్నానం మధ్యలో ఎవరో తలుపు తీసినట్టు
తడిగా, ముడుచుకొని.
"శుక్రవారానికల్లా పూసియ్యి" అన్నది.
కుదరదు. ఎండనీ. పదహైదు దినాలు, ఇరవై అయినా సరే.
పుట్టినప్పటి నుంచి తిడుతున్నాం గదా మన ఎండను,
ఇప్పుడు అదే పెద్ద మేస్త్రి.
దానికి కూలీ లేదు. కలపడంలో దొంగతనం లేదు.

"ఈసారి ఒకటికి ఐదు" అన్నా, నేల చూసుకుంటా.

మాబున్ని చీపురు గోడకు ఆనించింది.
"తొమ్మిదేండ్లు, పొద్దున్నే రాలిన ఇసుక
ఊడ్చింది ఎవరనుకున్నావప్పా?"

టీ వచ్చింది. గ్లాసు అందుకోబోతే
సుంకులమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.
"మోచేతులదాకా కడుక్కో. సబ్బుతో."
కడుక్కున్నా.
"ఇంకోసారి."