బాడీ ఎర్త్

ఇరవై ఆరేళ్లుగా లారీలే.
సింహద్వారం దగ్గర హైవే పక్కన, టార్పాలిన్ కింద.
హెడ్‌లైటుకి ఒక్క తీగ లాగితే చాలు,
తిరుగుదారి సంగతి లారీ ఇనుమే చూసుకునేది.
దాన్నే మేం బాడీ ఎర్త్ అంటాం.
చెడితే తుప్పు గీకి, బోల్టు బిగించి
ముప్పై రూపాయలు పుచ్చుకునేవాణ్ణి.

కళింగపట్నంలో సూరాడ పోలయ్య
ఫైబరు పడవలు పోసే షెడ్డులో
విమానం కడుతున్నాడని కబురొస్తే నవ్వలేదు.
టెస్టరు బల్బూ, ముక్కు పటకారూ సంచిలో వేసుకుని
వంశధార గట్టంట మోపెడ్ మీద పోయాను.

ఉంది, తెల్లగా,
రెక్కలింకా తొడగలేదు,
పొలుసు గీసిన వంజరం చేపలా.
వేలితో తడితే గుమ్మడికాయ చప్పుడు.
గాజునారా రెసినూ తప్ప ఒళ్లంతా వెతికినా ఇనుము లేదు.

"ఏటి మావా, ఎర్త్ ఎక్కడిచ్చీది?"
"అది నాకు తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాన్రా?"

అలవాటు పడ్డ చెయ్యి ఊరుకోదు.
పెట్రోలు మీటరు నల్లతీగని
మీటర్ల పలక రేకుకే స్క్రూ వేసి బిగించాను.
ముల్లు పడుకునే ఉంది.
ఆ రేకు దేనికీ చుట్టం కాదు,
గాజులో ఇరుక్కున్న ఒంటి రేకు.

రెండోరోజు తెలివి చూపించాను.
మీటరు నించి మీటరుకి, అక్కణ్ణించి రేడియోకి,
రేడియో నించి బ్యాటరీకి, నల్లతీగ గొలుసు.
అన్నీ వెలిగాయి. పోలయ్య టీ తెప్పించాడు.
చెవులకి హెడ్‌ఫోను తగిలించి
"ఇందులో ఏదో కందిరీగ ఉందిరా" అంటూనే మైకు నొక్కి
"అలో, అలో, కళింగపట్నం" అన్నాడు.
సగం దగ్గరున్న పెట్రోలు ముల్లు
ముప్పాతికకి లేచింది.
వదిలాడు. దిగింది.
మళ్లీ అన్నాడు. మళ్లీ లేచింది.
"మాటాడితే పెట్రోలు పుడతంది!"
నవ్వాడు. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు.
పైన, సముద్రం మీద, ఆ ముల్లుని నమ్మాల్సింది తనే.

ఆ రాత్రి షెడ్డులోనే పడుకున్నాను.
లైట్‌హౌసు వెలుగు రేకు సందులోంచి వచ్చి, నన్ను చూసి, పోయేది.
ఎందుకో మా వీధి చీటీ గుర్తొచ్చింది.
నా వాయిదా తమ్ముడి చేతికి,
తమ్ముడు వాళ్ల బావ చేతికి,
బావ చీటీల సత్యవతి చేతికి.
చేరేసరికి యాభై తక్కువ.
దొంగ ఎవడూ లేడు. దారే తినేసింది.

తెల్లారి నరసన్నపేట మీదుగా బుడితి పోయాను.
చెంబులు కొట్టే ముసలాయన
జానెడు ఇత్తడి పట్టీ సాగగొట్టి,
"ఏ దేవుడి పీఠానికి బాబూ?" అన్నాడు.
తీగలకి, అన్నాను.
ఏమీ అనకుండా అంచులు ఇంకోసారి ఆకురాయి పెట్టాడు.

పట్టీకి పద్నాలుగు బెజ్జాలు.
ప్రతి మీటరుకీ దాని సొంత నల్లతీగ, ఎంత చుట్టు తిరిగొచ్చినా సరే.
ఎవరి బాకీ వాళ్లే తెచ్చి ఇక్కడ కట్టాలి.
పట్టీ నించి ఒక్కటే లావుతీగ, నా చిటికెనవేలంత,
ఇంజను గోడ బోల్టుకి, అక్కణ్ణించి బ్యాటరీ మైనస్సుకి.
ఉప్పుగాలికి చిలుము పట్టకుండా
వేజలీను పూశాను, బాలింత పాపకి పూసినట్టు.

పోలయ్య మైకు నొక్కాడు. ఏం మాట్లాడలేదు.
ముల్లు సగం దగ్గరే కూర్చుంది.
హెడ్‌ఫోను తీసి నా చెవికి పెట్టాడు.
కందిరీగ లేదు.

"భూమిని తాకదు కదా,
మరెందుకురా ఎర్త్ అనీసి పేరు?"
చెప్పలేకపోయాను.
లారీ కూడా తాకదు. టైర్లు రబ్బరు.
ఇరవై ఆరేళ్లలో ఒక్కనాడూ తట్టలేదు.

ఎగిరే రోజున రమ్మన్నాడు.
వస్తానన్నాను. ఎక్కుతానని అనలేదు.

మర్నాడు సింహద్వారంలో ఒడిశా లారీ,
వెనక దీపం వెలగడం లేదు.
తుప్పు గీకి ఛాసీకి బిగించబోయి
ఆగాను.
డ్రైవరు బీడీ ముట్టించి చూస్తున్నాడు.
బ్యాటరీ దాకా రెండో తీగ లాగాను,
పదిహేను అడుగులు.
తీగ డబ్బులు అడగలేదు.