తెడ్డు పిడి

ఫోర్ట్ కెంట్‌లో అక్టోబరు చివరి ఆదివారం
ఓరిన్ థిబోడో తలుపు తట్టాడు.
చేతిబండిలో గోనె, గోనె మీద ముళ్ల గుట్ట.
"మీ భాషలో దీన్నేమంటారు?"

ఏదు.
పాతికేళ్లుగా అవసరపడని మాట
గొంతులో ఎక్కడా గుచ్చుకోకుండా వచ్చేసింది.

దుప్పులకని దాచుకున్న తూటా దీనికెందుకు పెట్టావంటే
పలకలేదు. షెడ్డులోకి తీసుకెళ్లాడు.
లూసిల్ తెడ్డు. పిడి సగం లేదు.
మిగిలిన కొయ్య మీద పళ్ల చాళ్లు.
"ఉప్పు కోసం వస్తాయి.
చెమట ఇంకిన కొయ్యంటే ప్రాణం వీటికి."
ముప్ఫై వేసవులు నది మీద
ఆమె అరచేతులు ఆనిన చోటు అది.

పొట్ట వైపు ముళ్లుండవు, అక్కణ్ణించి కొయ్యాలి.
నాకది తెలుసని నాకే తెలీదు.
మా బుడ్డన్న మామ కత్తి తిప్పిన తీరు
మణికట్టు దాచుకుంది కాబోలు.
కొవ్వంతా హెమ్‌లాక్ బెరడు వాసన.
మిరియాలు, అల్లం నేను దంచాను.
పోయినేడు బీవర్ తోక ఉడికిన ఇనపకుండ
అతను మోసుకొచ్చాడు.

మూడు గంటలు.
ఒక ముల్లు నా మేజోడుకి తగులుకుని
వంటిల్లంతా నాతోపాటే తిరిగింది.
లూసిల్ పేరు ఇద్దరం ఎత్తలేదు.

గరిటె నా ముందుకు చాచి
"ఉప్పు చూడు" అన్నాడు.
ఊది, నాలిక్కి రాసుకుని,
సరిపోయిందన్నాను.

అప్పటిదాకా మూతే తియ్యని ఉప్పుడబ్బాను
ఓరిన్ కాసేపు చూశాడు.
దాన్ని నెమ్మదిగా గోడవైపు జరిపి
పళ్లేలు తెమ్మన్నాడు.