రెండో ట్రే

సాయిలూ, తాళాలు రెండు.
పెద్దది షట్టర్‌ది, చిన్నది గల్లాది.
షట్టర్ ఎడమదిక్కు కొంచెం లేపి గుంజాలె,
లేకుంటే అమీర్‌పేట మొత్తం లేస్తది.

మిషిన్ సంగతి నీకు ఎరికే.
వానకాలం రెండో ట్రేల కాయితం ఇరుక్కుంటది.
కొట్టకు.
మూత తెరిచి కాసేపు ఊపిరి పీల్చుకోనియ్యి.

పదమూడేండ్లు ఈ అద్దం మీద
ఎంతమంది మొహాలు బోర్ల పెట్టిన్నో లెక్క లేదు.
పాస్‌పోర్టు ముందు పేజీ, వెనక పేజీ,
పెండ్లి సర్టిఫికెట్, పుట్టిన సర్టిఫికెట్,
బ్యాంకుల ఆర్నెల్ల బతుకు.
"అన్నా జల్దీ, పదకొండింటికి అపాయింట్‌మెంట్" అని
హెల్మెట్ తియ్యకుండనే నిలబడేటోళ్లు.
సముద్రాలు దాటిపోయినోళ్లందరు
నా గల్లా ముంగట రెండు రూపాయల చిల్లరకు ఆగినోళ్లే.

మొన్న రాత్రి షట్టర్ సగం దించి
మా ఇంటోళ్లవి తీసిన.
ముందు మార్త నర్సింగ్ డిప్లొమా.
నల్లగ, గట్టిగ పడ్డది,
నైట్ డ్యూటీ చేసే మనిషి అడుగు లెక్క.
ఫోటోల నవ్వొద్దన్నరని
కెజియ పెదవులు లోపలికి మింగి కూసున్నది.
ఏలియాగానివి మూడుసార్లు తీస్తెగాని
రెండు చెవులు కనవడలె.
ఆఖరుకు నాది.
ఫారంల నా పేరు పక్కన ఒక గడి: డిపెండెంట్.
పిల్లలిద్దరి పక్కన ఏమున్నదో
నా పక్కన గూడ గదే.
వేరేటోళ్ల ఫారంల ఆ మాట ఎన్నిసార్లు వచ్చిందో,
పేజీ తిప్పి బోర్ల వెట్టేటోణ్ని, గంతే.
ఈసారి కొంచెంసేపు మూత మూయలే.

నవ్వకు సాయిలూ. సిగ్గు కాదు.
ఏమో, కొంచెం సిగ్గే కావచ్చు.
"అక్కడ నువ్వేం చేస్తవ్?" అని గల్లీ అంత అడుగుతున్నరు.
పిల్లలను బడికి తోల్కపోత అన్న.
అన్నం వండుత అన్న.
మార్త డ్యూటీకి పోయిన ప్రతి రాత్రి
మా ఇంట్ల కుక్కర్ ఎవరు ఎక్కించిన్రనుకున్నవ్?

ఒక మనిషికి ఇర్వై మూడు కిలోలు.
ఏలియాగాడు ఒక కట్ట పట్టుకొని ఇడుస్తలేడు.
చెడిపోయిన కాయితాలు నేను పారేస్తుంటినా,
వాటి వెనక బొమ్మలేసుకున్నడు పోరడు.
ముందు ఎవరిదో వీసా సగం చెరిగి,
వెనక సిమెంటు లారీ.
ముందు ఎవరిదో తండ్రి పేరు,
వెనక మెట్రో స్టేషన్ మీద ఇంత పెద్ద బల్లి.
"నాన్నా, అక్కడి కాయితాలకు గూడ
వెనక ఖాళీ ఉంటదా?"
నాకు జవాబు తోచలే.
మార్త త్రాసు ముల్లు చూసింది,
తన తెల్ల బూట్లు బయటికి తీసి
కట్ట లోపల పెట్టింది.

*

సాయిలూ, ఇది లిమరిక్ కెళ్లి.
గొంతు సరిగ్గ ఇనవడుతున్నదా?
ఇక్కడ వాన ఉరుమదు, ఆగదు.
ఏలియాగాడు నెల రోజుల సంది అడుగుతున్నడు,
కరెంటు ఎప్పుడు పోతదని.
టార్చిలైటు తలగడ కిందనే పెట్టుకున్నడు.
కెజియను బడిల కెజాయా అంటున్నరంట,
ఇంటికొచ్చి మమ్మల్నే దిద్దుతున్నది.
రెండు రోజులు దిద్దింది, మూడోనాడు
నేను పాత పేరుతో పిలిస్తె ఏడ్చింది.
ఎందుకో చెప్పలే.

నిన్న లైబ్రరీకి పోయిన,
చిన్నోని బడి ఫారం కాపీ తీసుటానికి.
మిషిన్ దగ్గర నలుగురు నిలబడ్డరు, ఆగిపోయిందంట.
అద్దం మీద చెయ్యి పెట్టిన. వెచ్చగున్నది.
వంగి మూత తెరిచి చూస్తె
రెండో ట్రే.
కాయితం చిరగకుండ, ఎనక్కి, మెల్లగ గుంజిన.
అక్కడి పెద్దామె ఏదో అన్నది.
సగం సమజైంది, సగం ఇరుక్కున్నది.
అయినా నవ్విన.
ఫోటో కాదు గదా.

బోర్డు మార్చుకొమ్మన్నగదా,
కెజియ జిరాక్స్ అనే ఉంచినవంట.
నీ ఇష్టం.
అక్కడ మొగులైందా?