అంటుకోనిది

మరిగించకండి, అని రాశారు ఉత్తరంలో.
మరిగిస్తే ఆవిరయ్యేది నీళ్ళే.
అది మాత్రం గిన్నెలోనే ఉండి
ఇంకా చిక్కబడుతుంది.

పదిహేనేళ్ళు నేను చేసింది అదే.
ఆంబ్రా జ్వరాలకి, దగ్గులకి,
కుళాయి కాస్త వాసనేసిన ప్రతిరోజూ
బుడబుడ మరగనిచ్చి, చల్లార్చి, మూతపెట్టి
ఎంత జాగ్రత్తపరురాలినో అని
నాలో నేనే మురిసిపోయాను.

విచెన్జాకి దక్షిణాన మా ఊరు.
నవంబరులో పొగమంచు దిగితే
పక్కింటి జెమ్మా కిటికీ కూడా కనపడదు.
నేల కింద మాత్రం ఎటు తవ్వినా నీళ్ళే.
మా మామ తుల్లియో
పెరట్లో బావి తనే తవ్వుకున్నాడు.
ఊట పడ్డ రోజు వీధి వీధంతా
గ్లాసులు పట్టుకుని తిరిగాడట,
కొత్త వైన్ పంచినట్టు.

ఇరవై రెండేళ్ళు ఫ్యాక్టరీలో చేశాడు.
అక్కడ తయారయ్యే పొడి గొప్ప
భోజనాల దగ్గర చెప్పేవాడు:
వాన అంటదు, నూనె అంటదు, మరక అంటదు.
మా పెళ్ళికి పెనం ఇచ్చాడు.
గుడ్డట్టు దానంతటదే జారిపోతుంటే
"చూశావా, దేనికీ అంటుకోదు" అని
పసివాడిలా నవ్వేవాడు.

నిజమే.
దేనికీ అంటుకోలేదు
మా నెత్తుటికి తప్ప.

ఆంబ్రాది డెబ్బై నాలుగు.
నాది ముప్పై ఒకటి.
కాగితాలు తారుమారయ్యాయేమో చూడమన్నాను.
ఒకే కుళాయి, ఒకే బల్ల,
పైగా దానికంటే ఎన్నేళ్ళు ఎక్కువ తాగాను నేను!
తెల్లకోటు కుర్రాడు కాసేపు నీళ్ళు నమిలాడు.
తర్వాత నా వైపు కాక కాగితం వైపు చూస్తూ
"తల్లుల్లో తగ్గుతుంది" అన్నాడు.
"కడుపులో ఉన్నప్పుడు కొంత,
పాలిచ్చేటప్పుడు కొంత.
మొదటి బిడ్డకి ఎక్కువ."

నేను నీళ్ళోసుకున్న ఏడాది
రోజుకి రెండు లీటర్లు తాగమంది మంత్రసాని.
సీసా మీద గీతలు గీసుకుని మరీ తాగాను.
పద్నాలుగు నెలలు పాలిచ్చాను.
అప్పుడు నా ఒళ్ళు తేలికపడుతోందని
ఎవరికి తెలుసు,
ఎవరి మీద బరువు దించుకుని!

కారులో ఆంబ్రా అడిగింది, "నీదెంత?"
"అంతే. ఇంచుమించు నీలాగే."
వైపర్లు తిరుగుతూనే ఉన్నాయి,
వాన ఎప్పుడో ఆగిపోయినా.

సింకు కింద ఇప్పుడు బొగ్గు ఫిల్టరు.
దాని మీద తెల్ల టేపు, టేపు మీద తేదీ.
గడువు దాటిందంటే అది పట్టుకున్నదంతా
మళ్ళీ వదిలేస్తుందట.
పళ్ళు తోమే కప్పు పక్కన ఒక సీసా,
గ్యారేజీలో సీసాల పెట్టెలు.
కోడిగుడ్లు కూడా పరీక్షకి పంపాం.
ఆ జవాబు వచ్చిన రోజు తుల్లియో
టోపీ తీయకుండానే అన్నం తిన్నాడు.

పెట్టెల్లోంచి రోజుకి రెండు సీసాలు తగ్గుతున్నాయి.
ఆంబ్రా మీద కేకలేశాను.
ఒక పొద్దున్నే మంచులో చూశాను:
ముసలాయన వంగి
కొన్న నీళ్ళు కోళ్ళ తొట్టిలో పోస్తున్నాడు,
చుక్క కింద పడకుండా.
పోసి, బావి దగ్గరికి నడిచి
దోసిలి పట్టి తను తాగాడు.
అరిచాను. వినపడనట్టు
చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు.

డ్రాయరులో రెండు ఉత్తరాలూ
ఒకదాని కింద ఒకటి దాచాను.
నిన్న తీసి చూస్తే పక్కపక్కన ఉన్నాయి.
దానిదాని వెనక పెన్సిలుతో తీసివేత,
చిన్నప్పుడు నేర్పిన పద్ధతిలోనే,
కింద గీత గీసి: నలభై మూడు.

ఏమీ అడగలేదు ఆంబ్రా.
ఫిల్టరు టేపు మీద ఈసారి తేదీ
దాని చేతిరాతలో ఉంది.
పాలకూర కడగబోతే వెనక నుంచి వచ్చి
నా మణికట్టు పట్టుకుని
"ఆ కుళాయి కాదమ్మా" అంది.