కొంచెం

బరంపురంలో మధ్యాహ్నం రెండు గంటల క్లాసు.
ఫ్యాను తిరుగుతుంది, గాలి తిరగదు.
ఎం.కాం. మొదటి ఏడు, నలభై ఒక్క మంది.
ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా,
ఇంటర్వ్యూ గదిలో మంచినీళ్ల గ్లాసు.

ఈవేళ పాఠం: రావలసిన బాకీని మర్యాదగా అడగడం.
నిజంగా మీకు బాకీ ఉన్నవాళ్లకే రాయండి అన్నాను,
పుస్తకంలో మిస్టర్ స్మిత్‌ని వదిలేయండి,
ఆయన ముప్పై ఏళ్లుగా ఎవరికీ డబ్బివ్వలేదు.

ఎప్పుడూ కునికే చివరి బెంచీ కూడా రాసింది.
బాకీలకి కరువు లేని ఊరు.

మాధురీ పాత్రో లేచి చదివింది.
వాళ్ల నాన్న రాయగడలో ఒక కొట్టుకి అప్పడాలు వేస్తాడు.
రెండు దఫాల సరుకు, పదకొండు వేల నాలుగు వందలు,
దసరా నుంచి రేపు, రేపు.
'ప్లీజ్ సెండ్ ఎ లిటిల్ అవర్ మనీ.'

లిటిల్ ఎందుకమ్మా, మొత్తం కదా కావాలి?
'మొత్తమే మేడమ్. అది మర్యాద కొంచెం.'

కొంచెం జరగండి.
కొంచెం ఆ తలుపు వెయ్యండి.
కొంచెం మా వాణ్ణి చూసుకోండి బాబూ.
ఇన్నాళ్లూ ప్లీజ్‌కి తెలుగులో మాట లేదని
నేనే చెప్పుకుంటూ తిరిగాను.
అడగబోయేదాన్ని ముందే చిన్నది చేసి
అరచేతిలో పెట్టుకుని కదా
ఎదుటివాడి గడప ఎక్కుతాం.

వెనక నుంచి ఉదయనాథ్ బెహరా అందుకున్నాడు:
'మా దాంట్లో టికే, మేడమ్.
టికే దిఅంతు. టికే శుణంతు.'
రెండు భాషలూ ఒకే గడప దగ్గర
ఒకేలా వంగి నిలబడ్డాయి.
బోర్డు మీద రాశాను: కొంచెం. టికే.
ఇంగ్లీషు కింద ఖాళీ.

ఇంగ్లీషులో కొంచెం అడిగితే కొంచెమే ఇస్తాడు.
అక్కడ లెక్క ఒక గదిలో, మర్యాద ఇంకో గదిలో ఉంటాయి.
అంకె పూర్తిగా వెయ్యాలి, గడువు పెట్టాలి,
వంగడమంతా ఒక్క కైండ్లీతో సరిపెట్టాలి.
మాధురి దిద్దుకుంది, మొహం మాడ్చుకుని.
'ఇలా రాస్తే ఆ కొట్టాయన
మా అక్క పెళ్లికి రాడు మేడమ్.'
దీనికి నా సిలబస్‌లో యూనిట్ లేదు.

హరగోపాల్ సేనాపతి చెయ్యెత్తాడు:
'మరి మీరెవరికి రాస్తారు?'
క్లాసంతా తల వంచుకుని నవ్వింది.
గెస్టు లెక్చరర్లకి అయిదు నెలలుగా జీతం లేదని
గేటు దగ్గర ఉప్మా, ఘుగుని బండివాడికి కూడా తెలుసు,
వాడి నోటుబుక్కులో నాకో పేజీ ఉంది.

ఆ రాత్రి రాశాను, నేర్పినట్టే.
విషయం, నెలల పేర్లు, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ.
గడువు: ఈ నెల ఇరవై.
చదువుకుంటే ఎవరో ధైర్యవంతురాలు రాసినట్టుంది.
పదికి తొమ్మిది వేసేదాన్ని.

పొద్దున్నే సెక్షన్ బాబు బల్ల ముందు
కవరు చేతికిస్తుంటే
నా నోరు నా మాట వినలేదు:
'టికే దేఖిబే, ఆజ్ఞా.'

ఇరవయ్యో తారీకున డబ్బు పడింది.
ఒక నెలది.

మాధురి వాళ్లకి మొత్తం వచ్చిందట.
ఉత్తరం పంపనే లేదట.
వాళ్ల నాన్న రాత్రి బస్సెక్కి రాయగడ వెళ్లి
ఆ కొట్టు ముందు స్టూలు మీద
పొద్దుటి నుంచి షట్టరు దించేదాకా
టీ తాగుతూ కూర్చున్నాడట.
ఏమీ అడగలేదట.

ఎన్ని టీలు అన్నాను.
తొమ్మిదట.