మూడు మిల్లీమీటర్లు

తెనాలి బస్సు దిగి, ఆటో మారి
పటమటలో మా ల్యాబు మెట్లెక్కేసరికి
నాగుల్ మీరా పెట్టెలో ఐసు సగం నీళ్ళయింది.
ఆ నీళ్ళలో మూడు శీలావతులు.
పొలుసుల కింద ఎర్రటి మచ్చలు,
ఎవరో అగరొత్తి ఆనించి తీసినట్టు.
"మొన్న సాయంత్రం కూడా మేతకి పైకొచ్చాయమ్మా," అన్నాడు.
పోయినవాళ్ళ గురించి ఎవరైనా
ఆఖరి ముద్ద దగ్గర్నుంచే మొదలుపెడతారు.

చేపకి కిడ్నీ వెన్నెముక కింద ఉంటుంది,
ఎండిన నెత్తుటి గీతలా, పొడుగ్గా.
తీగ కొనతో అక్కడ్నించి ఒక చుక్క తీసి
ప్లేటు మీద గీస్తాను.
తెల్లారేసరికి మీగడ కట్టినట్టు
నాలుగెకరాల చెరువుని చంపుతున్నది
నా అరచేతిలో.

దాని మీద కాగితపు బిళ్ళలు పెట్టడం నా ఉద్యోగం.
బొట్టుబిళ్ళంత ఉంటాయి, ఒక్కోదానిలో ఒక్కో మందు.
మందు పనిచేస్తే
బిళ్ళ చుట్టూ ఏమీ మొలవని ఖాళీ,
చంద్రుడికి గుడి కట్టినట్టు.
నేను చేరిన ఏడాది
టెట్రాసైక్లిన్ గుడి స్కేలు పెడితే ఇరవై ఆరు.
ఇవాళ స్కేలు తియ్యలేదు.
అంచుదాకా పెరిగి
బిళ్ళ మీదకే ఎక్కి కూర్చుంది.

మేతలో ఎంత కలిపావు?
"షాపాయన చెప్పినంత."
కాసేపాగి, "దానికి రెట్టింపు."
ఇంకాసేపాగి, కిటికీ వైపు చూస్తూ,
"జబ్బు రాకముందు నుంచే. కౌలు డబ్బులమ్మా."

పోయిన నెల మా చెల్లెలి సిజేరియన్ కుట్టు చీము పట్టింది.
గుంటూరు పెద్దాసుపత్రి రిపోర్టులో
మందుల పేర్ల పక్కన వరసగా ఆర్, ఆర్, ఆర్.
చదవడం నాకొక్కదానికే వచ్చు ఇంట్లో.
ఆ కుట్టుకీ ఏ చెరువుకీ చుట్టరికం ఉందని
నేను రుజువు చెయ్యలేను.
అక్షరం మాత్రం అదే.

అందుకే ఈ రెండో ప్లేటు.
దుగ్గిరాల యార్డులో తక్కువకొచ్చిన పుచ్చు కొమ్ములు
మా అటెండరు కరుణమ్మ రోట్లో దంచితే
స్పిరిట్‌లో నానేసి దించిన సారం ఒక బిళ్ళ.
వెల్లుల్లి ఒకటి. వేప ఒకటి.
ల్యాబు వెనక చెట్టు జామాకు ఒకటి.
ఉత్త స్పిరిట్‌తో ఇంకొకటి,
నేను అబద్ధమాడకుండా కాపలా.

వేప చుట్టూ ఏమీ లేదు.
ఈ సంగతి మా అమ్మకి చెప్పను.
పసుపు చుట్టూ గుడి అనుకుని మురిశాను,
వెలుగులో పెడితే మరక.
వెల్లుల్లి ఊరించి, మర్నాటికి మూసుకుపోయింది.
జామాకు చుట్టూ, సన్నగా,
గోటి అంచంత.
మూడు మిల్లీమీటర్లు.

"అయితే ఆకు దూసి చెరువులో వేసెయ్యనా?"
వద్దయ్యా, ఇది గాజు ప్లేటు, అది చెరువు.
అక్కడ బురద ఉంది, ఎండ ఉంది,
నచ్చకపోతే మేత ఉమ్మేసే నోళ్ళున్నాయి.
ఎంత ఆకు? ఎన్నాళ్ళు? నాకు తెలీదు.
ముందు మేత సగానికి తగ్గించు, నీళ్ళు మార్చు.
ఒక మూల వల కట్టి, ఓ వంద చేపలకి
తవుడులో ఆకు కషాయం కలిపి చూడు.
చచ్చినవి లెక్కపెట్టు. రెండు వైపులా.

దగ్గర గుడి దూరపు వాన అనేది మా నాయనమ్మ.
మూడు మిల్లీమీటర్లు
చాలా దగ్గర.

ఇప్పుడు రోజూ పొద్దున్నే ఫోన్.
వలలో రెండు, బయట పదకొండు.
వలలో నాలుగు, బయట తొమ్మిది.
ఇవాళ వలలో ఒకటి, బయట మూడు.
ఆకు వల్లనా, కాలవ నీళ్ళ వల్లనా,
చావాల్సినవి చచ్చిపోవడం వల్లనా?
పెన్సిల్‌తోనే రాస్తున్నాను.

పెట్టేసే ముందు అడిగాడు:
"మీ వెనక జామచెట్టు కాయలు
ఎవరు తింటారమ్మా?"
ఉడతలు, అన్నాను.
"వాటికి జబ్బులు రావా?"